ముందుగది

దర్జీ అంతటి దొంగ ఆ వీధిలోనే కాదు, ఎక్కడా లేడు. సంచీ సర్దుకునేటప్పుడల్లా నర్సు ఈ మాట అనుకునేది. అనుకోని రోజు సంచీలో ఏదో ఒకటి మరిచిపోయేది. ఆ ఉదయం కూడా అడుగున దూది, కట్టుగుడ్డలు, వాటి పక్కన పసిపిల్లల్ని తూచే కొక్కెం కాటా, బీపీ మిషను, థర్మామీటరు, పై అరలో తన సబ్బుపెట్టె, తన తువ్వాలు, అన్నిటి మీదా నాలుగు మడతల పాత పేపరు సర్దుతూ కసితీరా తిట్టుకుంది. గది మింగినవాడు. కుట్టుమిషను నెల్లాళ్ళు పెట్టుకుంటానని తెచ్చి, నలభై ఏళ్ళవుతున్నా తీయనివాడు. నవ్వుతూ గొంతు కోసేవాడు.

ఆ ముందుగది ఆమెది. తండ్రి తన నోటితో చెప్పిన మాట: వెనకగది పెద్దదానికి, ముందుగది చిన్నదానికి. ఆమె చిన్నది. దర్జీ పెద్దదాని మొగుడు. ఆమె నర్సు చదువుకని హాస్టలుకి వెళ్ళిన ఏడాదే మిషను ముందుగదిలోకి వచ్చింది. ఆమె ఉద్యోగంలో చేరి ఎక్కడెక్కడి ఊళ్ళో తిరుగుతున్న కాలంలో తండ్రి మంచానపడ్డాడు. ఆయన పోయేనాటికి ఇల్లంతా పెద్దదాని పేరు మీద ఉంది.

"చూసినవాళ్ళకి రాశాడు" అన్నాడు దర్జీ, ఏమీ ఎరగనట్టు.

ఆమె నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "ఊరందరికీ నర్సువి. నాన్న నోట్లో ఒక్క చుక్క నీళ్ళు పోశావా?"

జవాబు లేనివాళ్ళు ఏం చేస్తారో ఆమె కూడా అదే చేసింది. "ఈ జన్మలో నీ మొహం చూస్తే ఒట్టు" అని గడప దాటింది.

రిటైర్మెంటు దగ్గరపడ్డాక, బదిలీ మీద బదిలీ అయి, తిరిగి తిరిగి పుట్టిన వీధికే డ్యూటీ పడింది. అది అదృష్టమని ఆఫీసులో ఎవరో అన్నారు. అన్నవాళ్ళు ఆ వీధిలో ఉండరు. ఉండటానికి ఆమెకి దొరికింది ఒక మేడ వెనక ఒంటిగది. "జబ్బిళ్ళన్నీ తిరిగొస్తావు, మా ముందు గుమ్మంలోంచి మాత్రం రాకమ్మా" అని ఇంటామె మొదటిరోజే చెప్పేసింది. కాబట్టి ఆమె వెనక సందులోంచి, బొగ్గుల గది పక్కనుంచి, ఒంటిని ఒక వైపుకి తిప్పుకుని బయటికొచ్చేది. లావుపాటి మనిషి. రెండు మోకాళ్ళూ అరిగాయి. సంచీ మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. దూరం నుంచి చూస్తే గాలికి పక్కకి ఒరిగిన స్తంభంలా ఉండేది.

వీధిలో ఆమెకొక పేరుంది. సూదమ్మ. పిల్లలు అరుగుల మీంచి దూకి "సూదమ్మొచ్చింది, సూదమ్మొచ్చింది" అని పరిగెత్తేవాళ్ళు. తల్లులు అన్నం తినని పిల్లల్ని ఆ పేరు చెప్పి బెదిరించేవాళ్ళు. కొందరు ఆమె నడిచొచ్చే వేళ చూసుకుని మరీ గిన్నెలు కడిగిన నీళ్ళు వీధిలోకి కుమ్మరించేవాళ్ళు. "అయ్యో, చూళ్ళేదమ్మా" అనేవాళ్ళు. చూశారని ఆమెకి తెలుసు. చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, వాళ్ళ గుమ్మం పక్కన నీళ్ళు నిలిచిన గుంటని చూపించి, "రేపు ఇందులో దోమ కనబడిందంటే మీ ఇంటికి మునిసిపాలిటీవాళ్ళని ఇద్దర్ని వెంటపెట్టుకొస్తా" అని వాళ్ళకంటే గట్టిగా అరిచేది. ఆమెనెవరూ పాపమని అనుకోకపోవడానికి ఈ నోరూ ఒక కారణం.

ఆ రోజు మొదటి ఇల్లు బాలింతది. కోడలు, పసిపిల్ల, అత్త. అత్త తలుపుకి అడ్డంగా కూర్చుని ఉంది.

"మళ్ళీ వచ్చావా? నిన్నెవరు పిలిచారు?"

"పిలిస్తే వచ్చేదాన్ని డాక్టరంటారు. పిలవకపోయినా వచ్చేదాన్ని నేను. జరుగు."

లోపల పేపరు పరిచి, దాని మీద సంచీ పెట్టింది. సంచీ ఏ ఇంట్లోనూ నేలకి తగలకూడదు. ముందు చేతులు కడుక్కోవాలి, తరవాతే మనిషిని ముట్టుకోవాలి. ఇంట్లోవాళ్ళు సబ్బిస్తే వాళ్ళ సబ్బే వాడాలి, వాళ్ళకి లేకపోతేనే సంచీలోది తీయాలి. వాళ్ళ సబ్బు వాడితే వాళ్ళకీ ఆ అలవాటు అబ్బుతుందని శిక్షణలో పెద్ద టీచరు చెప్పింది. ఆ టీచరే ఇంకోమాట కూడా చెప్పేది. "రోగి మంచం మీద ఉంటాడనుకోకండి, ఇంట్లో ఉంటాడు. ఒకరి కోసం వెళ్ళండి, ఇల్లంతా చూసి రండి." అందుకే అత్త విసుక్కుంటూ ఇచ్చిన అరిగిన సబ్బుముక్కతో చేతులు కడుక్కుంటూనే ఆమె కళ్ళు మూత లేని నీళ్ళబిందెని, ఉయ్యాల మీద ఆరేసిన తడిగుడ్డల్ని, కోడలి పాలిపోయిన పెదాల్ని చూసేశాయి.

పసిదాన్ని గుడ్డ ఉట్టిలో పడుకోబెట్టి కొక్కేనికి తగిలించి పైకెత్తింది.

"మా పిల్లని వంకాయలా తూస్తోంది చూడు" అంది అత్త గోడతో.

"వంకాయైతే ఉన్నచోటే వాడిపోతుంది. పిల్ల పెరగాలి. పెరగలేదు." కాటా ముల్లు కేసి కాక కోడలి కేసి చూసింది. "నువ్వేం తింటున్నావు?"

కోడలు అత్త వైపు చూసింది.

"దాన్ని చూడకు, నన్ను చూసి చెప్పు."

"అందరిదీ అయ్యాక తింటా."

"అందరిదీ అయ్యాక ఏం మిగులుతుంది, గిన్నె." నర్సు అత్త వైపు తిరిగింది. "పిల్ల తాగేది పాలు. నీ పెత్తనం కాదు. రేపటినుంచి ముందు దీనికి పెట్టు. నేను అన్నం వేళకే వస్తా, ఎదురుగా కూర్చుని చూస్తా. అవునూ, నీ కళ్ళెందుకట్లా పచ్చగా ఉన్నాయి? ఎన్నాళ్ళయింది?"

"నా కళ్ళ జోలికి రాకు తల్లీ."

"వస్తా. సోమవారం ఆస్పత్రికి రా. రాకపోతే మీ ఆయన పనిచేసే చోటుకెళ్ళి అడుగుతా."

తలుపు ఆమె వీపు వెనకే ధడాలున పడింది. ఆమెకి అలవాటే. లోపల అత్త తిడుతోంది, కోడలికి అన్నం పెడుతున్న గిన్నె చప్పుడు మాత్రం వినబడింది. అది చాలు.

రెండో ఇల్లు ముసలి లారీ డ్రైవరుది. షుగరు పుండుతో ఒక కాలి వేళ్ళు పోయాయి. మిగిలిన పాదాన్ని కాపాడటానికి ఆమె రోజు మార్చి రోజు కట్టు కట్టేది. అతను అన్ని ఊళ్ళ తిట్లూ వచ్చిన మనిషి. కట్టు విప్పుతుంటే వాటిని వరసగా అప్పజెప్పేవాడు. ఆమె పుండు అంచులు చూస్తూ, "ఈ తిట్టు కొత్తది, మొన్నటిదే బాగుంది" అనేది.

ఆ రోజు తిట్లు అయ్యాక డ్రైవరు గోడకి జారబడి, "మీ బావ మంచోడు. నా చొక్కాకి కాలరు తిప్పి కుట్టిచ్చాడు" అన్నాడు.

"నాకు బావ లేడు."

"లేకపోతే పోనీ. మీ అక్క కనబడటం లేదేం ఈమధ్య? కుళాయి దగ్గరికి బిందె ఆయనే తెస్తున్నాడు. ఆడవాళ్ళ వరసలో మగాడు నిలబడితే అందరూ నవ్వుతున్నారు."

"నాకక్క కూడా లేదు. కాలు కదపకు."

"ఎవరూ లేనిదానివి ఎవరి కోసం తిరుగుతున్నావమ్మా ఇట్లా ఇల్లిల్లూ?"

ఆమె కట్టు చివర్ని మామూలుకంటే గట్టిగా బిగించి ముడివేసింది. డ్రైవరు మళ్ళీ మొదటి తిట్టు నుంచి మొదలుపెట్టాడు.

మూడోది దర్జీ ఇల్లు.

ఆరు నెలల కిందట దర్జీకి టీబీ అని కఫం పరీక్షలో తేలింది. ఆ జబ్బుకి మాత్రలు చేతికిచ్చి వదిలేస్తే కుదరదు. కాస్త తేరుకోగానే జనం మానేస్తారు. రోజూ ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి మింగించాలి. ఆ వీధికి ఆ ఎవరో ఒకరు తనే. ఆ ఇంటికి వేరే నర్సుని పంపమని అడగొచ్చు. ఆమె అడగలేదు. ఆ మనిషి తన ముందు నోరు తెరుచుకుని నిలబడటం చూడాలనుకుంది. దానికి ఆమె సిగ్గుపడిందీ లేదు.

మొదటిరోజు గడప మీద కాలు పెడుతుంటే వెనకగది తలుపుకి కొత్త కర్టెను కనబడింది. అంతకుముందు లేదు. తనని చూడగానే దాని వెనక గాజులు గలగలమని దూరంగా వెళ్ళిపోయాయి. 'ఒట్టు నాదైతే పరదా దానిది. బాగానే ఉంది' అనుకుంది. కావాలనే గొంతు పెంచి, పరదా దాటి వినబడేలా చెప్పింది. "ఒక్కరోజు మాత్ర తప్పినా జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది. ఈసారి మందుక్కూడా లొంగదు. నేనీ గుమ్మంలోకి రావడం మానేశానా, నువ్వు చచ్చావన్నమాటే. గుర్తు పెట్టుకో." అందులో సగం నిజం, సగం కసి.

"ఇంట్లో ఇంకెవరికైనా దగ్గుందా?" అని కూడా అడిగింది.

"లేదు" అన్నాడు దర్జీ. ఆనాటికి అది నిజమే.

నిజానికి అడిగి ఊరుకోకూడదు. ఇంట్లో ప్రతి మనిషినీ నెలనెలా కళ్ళతో చూడాలి, తూచాలి, వీపు మీద చెవి పెట్టినంత దగ్గరగా వినాలి. మిగతా అన్ని ఇళ్ళలోనూ ఆమె ఆ పని చేసేది, తలుపులు నెట్టుకునైనా సరే. ఇక్కడ మాత్రం "లేదు" అన్న మాట పట్టుకుని చేతులు దులుపుకుంది.

రెండోరోజు నుంచి ఆ గదిలో అన్నీ ముందే అమర్చి ఉండేవి. ఎత్తు తక్కువ స్టూలు, దాని మీద మూత పెట్టిన నీళ్ళ గ్లాసు, కిటికీ గట్టు మీద కాగితం విప్పిన కొత్త సబ్బుబిళ్ళ, పక్కన ఉతికి మడిచిన తువ్వాలు. దర్జీ మాయవేషాలవి అనుకుంది. గది మింగి సబ్బు పెడుతున్నాడు! ఆమె తన సంచీలోంచి తన సబ్బు తీసి, తన తువ్వాలుతో తుడుచుకునేది. ఒక్కరోజు కూడా ఆ గట్టు వైపు చెయ్యి చాపలేదు. శిక్షణలో చెప్పిన పద్ధతి ఆ ఒక్క ఇంట్లో తిరగబడింది.

ఇంకొకటి కూడా ఆమె ఒళ్ళు మండించేది. తను వీధి మలుపు తిరగగానే దర్జీ మిషను తొక్కడం మొదలుపెట్టేవాడు. మాత్ర మింగడానికి లేచేవాడు, నోరు తెరిచి చూపించేవాడు, వెంటనే కూర్చుని మళ్ళీ తొక్కేవాడు. తన పనిముందు నీ పని ఎంత అన్నట్టు ఆ టకటక. ఒక్కోసారి మరీ గట్టిగా, పిచ్చిపట్టినట్టు.

ఆ రోజూ వీధి మలుపు తిరిగేసరికి మిషను మోగుతోంది. ఆమె లోపలికెళ్ళి పేపరు పరిచింది. స్టూలు లేదు. గ్లాసు లేదు. తువ్వాలు ఎప్పటిదో, మడత విప్పుకుని గట్టు మీంచి సగం వేలాడుతోంది. దర్జీ లేచి తనే బిందెలోంచి నీళ్ళు ముంచుకొచ్చుకున్నాడు. సగం నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. ఈ ఆరు నెలల్లో అతను ఒళ్ళు చేశాడు. బుగ్గలు నిండాయి. అది చూసినప్పుడల్లా ఆమెకి పని బాగా చేశానన్న గర్వమూ, ఎవరికి చేశానన్న మంటా ఒకేసారి కలిగేవి.

"ఇవే ఆఖరివి" అంది మాత్రలు అరచేతిలో పోస్తూ.

"ఆఖరివేనా? ఇక రావా మరదలా?"

"మరదలూ గిరదలూ అన్నావంటే పళ్ళు రాలతాయి. మింగు."

మింగాడు.

"నోరు తెరు. నాలుక పైకెత్తు. ఇటు తిప్పు."

అతను నోరు మూసి చేతి వెనకతో తుడుచుకున్నాడు. వెంటనే మిషను దగ్గరికి పోకుండా నిలబడ్డాడు. ఎప్పుడూ నవ్వుతుండే మొహంలో నవ్వు లేదు.

"ఇంక అయిపోయాయిగా. ఏమీ తప్పలేదుగా? నాకు మళ్ళీ రాదుగా?"

"రాదు. నీలాంటివాళ్ళకి ఏమీ కాదు."

"అయితే ఒక్కసారి లోపలికి రా. చూసిపో."

"ఏం చూడాలి? నువ్వు మింగిన రెండో గదినా?"

"మీ అక్కని."

ఆమె పేపరు మడతపెట్టింది. నేలకి తగిలిన వైపు లోపలికి పోయేలా, నాలుగు మడతలు. సంచీ భుజానికెత్తుకుంది. "నా పని నీ నోటి దాకానే. అది అయిపోయింది."

"పని కాదే తల్లీ..."

పరదా వెనక ఏదో కదిలింది. దర్జీ మాట మింగేసి ఒక్క ఉదుటున మిషను ముందు కూలబడి తొక్కాడు. టకటకా టకటకా. ఆమె గడప దగ్గర వెనక్కి తిరిగి, ఒక చివరి మాట అనబోయింది. సూది పైకీ కిందికీ ఆడుతోంది. దాని కింద గుడ్డ లేదు. సూదిలో దారం లేదు. 'పిచ్చి ముదిరింది' అనుకుని దిగి వెళ్ళిపోయింది.

ఆస్పత్రి వరండాలో ఓపీ బెంచీలు మధ్యాహ్నానికి సగం ఖాళీ అయ్యాయి. ఆమె చివరి బెంచీ మీద సంచీ దించి, టిఫిను డబ్బా విప్పుకుంది. పొద్దున చల్లారిన అన్నం, ముద్దలా ఒకవైపు ఒరిగి ఉంది. డ్రైవరు మాట చెవిలో తిరుగుతూనే ఉంది. బిందె ఆయనే తెస్తున్నాడు. తెస్తే తెచ్చుకోనీ. గది తెచ్చుకున్నాడు, బిందె తెచ్చుకోలేడా?

ఎదుటి బెంచీ మీద ఒక మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. చీటీ రాసే గుమాస్తా వాళ్ళ వైపు వస్తున్నాడు. దగ్గేవాళ్ళని విడిగా బయట షెడ్డులో కూర్చోబెడతారు, వంతు ఆలస్యమవుతుంది. మొగుడికి దగ్గు తెర వస్తోంది, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఆపుతున్నాడు. గుమాస్తా దగ్గరయ్యేసరికి పెళ్ళాం ఉన్నట్టుండి గొంతెత్తి, ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు, "ఫ్యాను తిరగదు, నీళ్ళుండవు, ఇదేం ఆస్పత్రయ్యా" అని అరవసాగింది. దగ్గు ఆ అరుపు కింద కొట్టుకుపోయింది. గుమాస్తా దాటిపోయాడు. ఆమె అరుపు టక్కున ఆపేసింది.

నర్సుకి ఇలాంటివి కొత్త కాదు. అన్నం ముద్ద చేత్తో పట్టుకునే కసిరింది. "నువ్వెంత అరిచినా దగ్గు దాగుతుందా? నీ చప్పుడు చాటున ఆయన..."

అక్కడ ఆగిపోయింది.

ముద్ద డబ్బాలో పడింది. ఆమె లేచింది. చెయ్యి కడుక్కుందో లేదో తెలీదు. ఆ బెంచీ మీద సంచీ అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సంచీ లేకుండా ఆమె వీధిలోకి నడవడం అదే మొదలు. "సూదమ్మ ఉత్త చేతులతో పోతోందర్రా" అని పిల్లలు వింతగా చూశారు. ఎవరూ పరిగెత్తలేదు.

వీధి మలుపు దగ్గర మిషను చప్పుడు లేదు. వచ్చేది తనేనని తెలిస్తే కదా తొక్కడానికి. గడప మీద నిలబడగానే వినబడింది. దగ్గు అని కూడా అనడానికి లేదు. బలమున్నవాళ్ళు దగ్గుతారు. అది లోపల గుడ్డ పీలిక చిరిగిన చప్పుడు.

దర్జీ వెనకగది గుమ్మానికి వీపు పెట్టి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి కంగారుగా మిషను వైపు పాకబోయాడు.

"ఆపు. ఎన్నాళ్ళయింది?"

అతను లెక్కకి వేళ్ళు ముడిచి, విప్పి, మళ్ళీ ముడిచాడు.

"ఆస్పత్రికెళ్ళు. అంబులెన్సు అడుగు. సూదమ్మ పంపిందని చెప్పు, వెంటనే ఇస్తారు. పరిగెత్తు!"

అతను చెప్పుల్లేకుండానే పరిగెత్తాడు. ఆమె పరదా తీయలేదు, పట్టుకుని లాగింది. తీగ ఊడి మొత్తం చేతికొచ్చింది.

వెనకగదికి ఒకటే చిన్న కిటికీ. దానికీ గుడ్డ కట్టి ఉంది. దగ్గు వీధిలోకి పోకుండా. టీబీ ఉన్న ఇంట్లో గాలి ఆడాలి, కిటికీలు తీసి పెట్టాలి అని ఆమె ఈ వీధిలో చెప్పని గుమ్మం లేదు. మంచం మీద దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. దిండు మీద తల ఉంది. మెడ కింద రెండు ఎముకల మధ్య గుంటలో చెమట నిలిచి ఉంది. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. గోళ్ళు నల్లబడ్డాయి. ముక్కుపుటాలు ఒక్కో శ్వాసకీ కొట్టుకుంటున్నాయి. నర్సుకి చూడగానే తెలిసింది. అంబులెన్సు ఎంత తొందరగా వచ్చినా, ఎంత ఆలస్యంగా వచ్చినా ఇక ఒకటేనని తెలిసింది.

ముందు కిటికీ గుడ్డ పీకేసింది. మంచం పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది.

అక్క కళ్ళు తెరిచింది. పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"నా మొహం చూడనన్నావుగా" అంది.

"చూడటం లేదు. నాడి చూస్తున్నా."

అక్క పెదాలు ఒకవైపుకి వంకర తిరిగాయి. చిన్నప్పుడు ఎత్తిపొడవబోయే ముందు అలాగే తిరిగేవి. "ఏమంటోంది నాడి?"

"నువ్వు మొండిదానివంటోంది. పిలవకపోయావా? ఇన్ని రోజులు గోడవతల ఉన్నాను. ఒక్క కేక వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"కేకేస్తే నువ్వు రావడం మానేస్తావు. ఆయన మందులు..." శ్వాస అందలేదు. అందాక మళ్ళీ మొదలుపెట్టింది. "మానేస్తే చస్తాడన్నావుగా. నువ్వే అరిచావు. విన్నాను."

నర్సు వేళ్ళ కింద నాడి సన్నని దారంలా తెగుతూ అతుకుతూ ఉంది. తను చెప్పిన మాటని ఈ వీధిలో ఎవరూ ఎన్నడూ లక్ష్యపెట్టలేదు. బిందె మీద మూత పెట్టమంటే పెట్టలేదు. గుంట పూడ్చమంటే పూడ్చలేదు. ఒక్క మనిషి విని, అక్షరం తప్పకుండా పాటించింది.

"నీకు బుద్ధి లేదు. నీకెప్పుడూ లేదు" అంది నర్సు. గొంతు ఎప్పటిలాగే కరుగ్గా ఉంది.

"అయిపోయాయా ఆయనవి?"

"అయిపోయాయి. పొద్దున్నే."

"ఊఁ" అంది అక్క, వంట అయిందని చెబితే అన్నట్టు. చూపు నర్సు భుజం మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి తిరిగింది. దేన్నో వెతికింది. "సంచీ ఏదీ?"

"ఆస్పత్రిలో ఉంది."

"మరి దేంతో కడుక్కుంటావు చేతులు? నీది నీకుంటే గాని..." చూపు ముందుగది వైపు తిరిగింది. "గట్టు మీద ఉంది. కిటికీలో. తీసుకో."

అంతే అంది. తరవాత శ్వాసలు ఒకదానికొకటి దూరం జరిగాయి. నర్సు మణికట్టు వదల్లేదు. కిటికీలోంచి వెలుతురు మంచం కాళ్ళ దాకా వచ్చింది. వీధిలో ఎవరో కుళాయి కింద బిందె పెట్టిన చప్పుడు. ఇంకో శ్వాస కోసం ఆమె ఎదురుచూసింది. ఎదురుచూస్తూ ఉండగా నాడి వేళ్ళ కిందనుంచి ఎప్పుడు పోయిందో, ఎన్నో మణికట్లు పట్టిన ఆ వేళ్ళకి కూడా పట్టు దొరకలేదు.

అప్పుడు మొహం చూసింది.

గాజులు మోచేతి దగ్గరనుంచి నెమ్మదిగా మణికట్టు మీదికి దింపింది. కళ్ళు మూసింది. దుప్పటి సరిచేసింది.

అంబులెన్సు వచ్చేసరికి గుమ్మం దగ్గర నలుగురు చేరారు. దర్జీ జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చి, చూసి, మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. అరవలేదు. తనలో తను మాట్లాడుకున్నట్టు మొదలుపెట్టాడు.

"నేను చెబుతానంటే ఒట్టు వేయించుకుంది. నా మందులు పూర్తయిన రోజు చెప్పమంది. నువ్వొచ్చే వేళకి లోపలికి పోయి దుప్పటి కప్పుకునేది. దగ్గొస్తే మిషను తొక్కు అనేది. తొక్కాను. పొద్దున చెప్పాను, నువ్వు..." అతను చేత్తో ముందుగది వైపు చూపించాడు. "స్టూలు, నీళ్ళు అన్నీ అదే పెట్టేది. లేవలేకపోయే దాకా పెట్టింది. నేను కాదు. నాకెక్కడ తోస్తాయి ఇవన్నీ?"

గుమ్మం దగ్గర, ఆమె వచ్చే వేళ చూసి నీళ్ళు కుమ్మరించే ఆడవాళ్ళలో ఒకామె నిలబడి ఉంది. పక్కామెతో అంది, తగ్గించని గొంతుతో: "ఊరందరి ఇళ్ళలో దూరి చూస్తుంది. సొంత అక్కని చూళ్ళేదు."

నర్సు విన్నది. ఆ మాట ఈ గదిలోనే, ఇంకొకరి నోటి నుంచి ఇంతకుముందొకసారి విన్నది.

ఆమె ముందుగదిలోకి వచ్చింది. దర్జీ వెనకే వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ గది నువ్వు తీసుకో. మిషను తీసేస్తాను. నేనేం చేసుకోను?"

"నోర్ముయ్. నీ గది నువ్వే నెత్తిన పెట్టుకో." ఆమె గడప దాకా వెళ్ళి ఆగింది. "రేపొస్తా. నీ కఫం మళ్ళీ పరీక్షకి పంపాలి. ఆ కిటికీలు మళ్ళీ మూశావంటే చూడు."

"చేతులు కడుక్కోలేదు" అన్నాడు దర్జీ.

ఆమె చేతుల కేసి చూసుకుంది. కడుక్కోలేదు. కడుక్కోకుండానే, ఆ రెండు చేతుల్నీ ఒంటికి తగలనివ్వకుండా కాస్త ఎడంగా పట్టుకుని, వీధిలోకి దిగింది. దారిలో ఉన్నవాళ్ళు పక్కకి జరిగారు.

పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న ఆ ముందుగదిలో ఆమెకని పెట్టినది ఒక్కటే ఉంది. కిటికీ గట్టు మీద, దుమ్ము పట్టి, ఎండకి అంచులు పగిలిన ఒక సబ్బుబిళ్ళ. దాని మీద అచ్చు వేసిన అక్షరాలు ఒక్కటీ అరగలేదు.